మీ తాతకి సెప్పరా

ఎదురింటి పిన్ని పోయిన దగ్గర్నుంచీ మా వీధిలో అందరూ ఆవిడ మంచితనం గురించే చెప్పుకుంటున్నారు. వింటుంటే నాకు ఒళ్లు మండిపోతోంది. ఆవిడ మంచిది కాదని నేననను. కానీ ఆవిడతో నేను పడ్డ పాట్లు వీళ్లకేం తెలుసు? మా అత్తగారు సైతం నన్ను అంతగా విసిగించలేదు. పిన్ని మీద గొంతు చించుకోకుండా ఒక్క వారం గడిచిందంటే ఒట్టు. ఇప్పుడు అరుద్దామన్నా ఎదురుగా మనిషి లేదు కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

పొట్టి మనిషి. నడుము ఎడమపక్కకి ఒరిగిపోయి ఉండేది. ఏళ్ల తరబడి ఎవరో ఒకరి పిల్లని చంకనేసుకుని తిరగడం వల్ల అది అలా ఖాయమైపోయింది. ఆవిడకి పిల్లల్లేరు. అయినా ఆ చంక ఖాళీగా ఉండడం నేను చూసింది తక్కువ. వెనక వీధి బిహారీ వాళ్ల పిల్లాడు, పై అంతస్తు ఒడియా వాళ్ల పాప, పాలు పోసే ఛత్తీస్‌గఢీ ఆవిడ మనవరాలు, ఎవరైనా సరే ఆవిడకి ఒకటే. షరతు మాత్రం ఒకటుంది. పిల్లకి మాటలు రాకూడదు. మాటలొచ్చాయా, చంకలోంచి దించేసి ఇంకో పిల్లని వెతుక్కునేది.

ఎందుకంటారా? అసలు తంటా అంతా అక్కడే ఉంది.

ఆవిడ మొగుడితో మాట్లాడదు. ఆయన పెళ్లాంతో మాట్లాడడు. వాళ్ల మధ్య గొడవా లేదు, పాడూ లేదు. ఆయనకి ఒంట్లో బాగోకపోతే ఈవిడ అన్నం ముట్టదు. ఈవిడ గుడి నుంచి రావడం ఆలస్యమైతే ఆయన గేటు దగ్గరే నిలబడి ఉంటాడు. కానీ నోరు విప్పి ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలంటే మాత్రం మధ్యలో ఒక చంటిపిల్ల ఉండాలి. చెప్పాలనుకున్నదంతా ఆ పిల్లకే చెబుతారు.

"మీ తాతకి సెప్పరా, అన్నం సల్లారిపోతంది, బేగొచ్చి తినమని."

"మీ అమ్మమ్మకి సెప్పరా, వార్తలొస్తన్నాయి, ఆగమని."

"సెప్పరా, ఆ వార్తలే కూరలో కలుపుకు తినమని."

నడుమనున్న ఆరు నెలల పసివాడు బొటనవేలు చప్పరిస్తూ ఇటొకసారి, అటొకసారి చూసేవాడు. బాబాయి మా ఛత్తీస్‌గఢ్ ఊళ్లోని ఉక్కు ప్లాంటులో రోలింగ్ మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. ఆ మోతకి చెవులు సగం పోయాయి. కాబట్టి ఈ రాయబారమంతా అరుపుల మీదే నడిచేది. నేను డ్యూటీ నుంచి వస్తూ వీధి మొదట్లో స్కూటీ నెమ్మది చేసేసరికే ఎదురింట్లో ఆ పూట ఏం కూరో, అందులో ఏం తక్కువైందో నాకు తెలిసిపోయేది.

ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. "ఏం పిన్నీ, మీ ఇద్దరికీ నోళ్లు లేవా? సూటిగా మాట్లాడుకుంటే ఏం పోతుంది?"

ఆవిడ నాకు జవాబు చెప్పిందనుకున్నారా? చంకలో ఉన్న పిల్లాడితో చెప్పింది. "సూడరా, ఈ అత్తకి పనీ పాటా నేదు గావాల. ఇలాటివన్నీ అడుగుతంది." తర్వాత ఆ పిల్లాడికే ముక్కలు ముక్కలుగా చెప్పుకొచ్చింది. శ్రీకాకుళం పక్క పల్లె నుంచి కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఆ ఇరుకు క్వార్టర్‌లో అత్తగారు, మరుదులు, తోడికోడలు. పెద్దవాళ్ల ముందు మొగుడితో మాట్లాడకూడదు. తోడికోడలి బిడ్డని ఒళ్లో పెట్టుకుని ఆ బిడ్డకి చెబుతున్నట్టుగా ఆయనకి చెప్పేది. ఆయనా అలాగే బదులిచ్చేవాడు. తర్వాత అత్తగారు పోయింది, మరుదులు ప్లాంటు కాలనీలోనే వేరే సెక్టార్లకి వెళ్లిపోయారు, ఇల్లు ఖాళీ అయింది. "అప్పటికి అలవాటైపోనాది. ఇంక నోరు తిరగదు" అంది పిల్లాడి తల నిమురుతూ.

అక్కడితో ఆగితే వాళ్ల సంసారం, వాళ్ల ఇష్టం అని ఊరుకునేదాన్ని. కానీ ఆవిడ పిల్లలకి చెప్పడమే కాదు, పిల్లల తరఫున కూడా తనే మాట్లాడేది. పసిపిల్ల 'ఊఁ' అంటే దానికి ఒక పెద్ద తాత్పర్యం. 'కుయ్' అంటే ఇంకో ఉపన్యాసం. తన మనసులో ఉన్నదంతా ఆ పిల్ల నోట్లో పెట్టి మన మీదకి వదిలేది. మా ఆయన కొత్త చొక్కా వేసుకుని బయటికొస్తే, "ఈ రంగు మీకు నప్పలేదంటన్నాది బాబూ ఈ గుంట" అనేది. గుంటకి అప్పటికి పళ్లు కూడా రాలేదు.

ఇక్కడొక విచిత్రం చెప్పాలి. మా వీధిలో ఏ రాష్ట్రం వాళ్ల పిల్లలైనా తెలుగు ఇలాగే నేర్చేసుకున్నారు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పింది లేదు. అటు అరుపులు, ఇటు అరుపులు, మధ్యలో వీళ్లు. గ్యాస్ సిలిండర్ మోసుకొచ్చే బిహారీ కుర్రాడు నన్ను 'దీదీ' అని పిలిచి, ఆవిడ గుమ్మం ముందుకి పోగానే "ఏటమ్మమ్మా, కాళ్ల నొప్పులు తగ్గినాయేటి?" అని అడిగేవాడు. నేనేమో ఇక్కడే పుట్టిన తెలుగుదాన్ని. మా అమ్మానాన్నలు నాతో హిందీలో మాట్లాడి, నాకు తెలియకూడని సంగతులు మాత్రం తెలుగులో మాట్లాడుకునేవారు. అందుకని నాకు ముందుగా పట్టుబడిన తెలుగంతా చుట్టాల మీద చాడీలే. చదవడం, రాయడం పెళ్లీడుకొచ్చాక మా అమ్మ పట్టుబట్టి నేర్పింది. ఆ సిలిండర్ కుర్రాడి తెలుగు ముందు నా తెలుగు ఇప్పటికీ దిగదుడుపే. ఉక్రోషం రాదూ మరి?

సరే, నా గోడుకొస్తాను.

నేను సుపేలాలో ఒక రక్తపరీక్షల ల్యాబులో కౌంటర్ దగ్గర పనిచేస్తాను. మా ఆయనది జాముల్ సిమెంట్ ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని, షిఫ్టులు. బుజ్జిగాడు పుట్టాక నేను మళ్లీ డ్యూటీకి వెళ్లాల్సి వచ్చినప్పుడు, నేను అడగకముందే ఆవిడ వచ్చి వాణ్ణి చంకనేసుకుంది. "అమ్మమ్మున్నాది కదా, నువ్వెల్లమ్మా అంటన్నాడు" అంది. ఆ రోజు నాకు ముద్దొచ్చింది ఆ మాట. ఆ తర్వాత రోజూ సాయంత్రం అదే పాట. గుమ్మంలో అడుగు పెట్టగానే, "మాయమ్మ ఇంత ఆలస్యం సేసింది, దానికి నా మీద పేమ నేదంటన్నాడు." "మాయమ్మ పెట్టిన పప్పు గొంతు దిగనేదంటన్నాడు." పప్పు వాడు తిని ఉంటే కదా! డబ్బా మూత కూడా తెరవలేదు ఆవిడ. నేను చేతిసంచి విసిరి కొట్టి అరిచేదాన్ని. "వాడంటున్నాడా, నువ్వంటున్నావా పిన్నీ? అనేదేదో నువ్వే చెప్పు!" ఆవిడ చెక్కు చెదిరేది కాదు. "సూడరా, మీయమ్మకెంత కోపమో" అని వాడితోనే అనేది.

ఏడాది నిండింది. రెండూ నిండాయి. వాడు నడిచాడు, పరుగెత్తాడు, గేటెక్కి దూకాడు. మాట మాత్రం లేదు. మా ల్యాబులో పనిచేసే అమ్మాయి కొడుకు, వీడికంటే చిన్నవాడు, ఫోన్లో 'హలో మమ్మీ, చాకొలెట్ లానా' అని హిందీలో తెమ్మంటుంటే నేను కౌంటర్ వదిలి పక్కకి వెళ్లిపోయేదాన్ని. మూడో ఏడు దగ్గర పడుతున్నా మావాడికి 'అమ్మ' లేదు, 'నాన్న' లేదు. వేలు చూపిస్తాడు, మూలుగుతాడు. ఏం కావాలో పిన్ని చెప్పేస్తుంది. వాడికి నిక్షేపంగా జరిగిపోతోంది. నాకు మాత్రం భయంతో అన్నం సయించడం మానేసింది. వీడికి ఎప్పటికీ మాటలు రావేమో, నన్ను ఎప్పటికీ 'అమ్మా' అని పిలవడేమో అని ఆ ఒక్కటే దిగులు.

పిన్ని ఊరి నుంచి ఎవరిచేతో వసకొమ్ము తెప్పించి, తేనెలో అరగదీసి వాడి నాలుక మీద రాసింది. "దీంతో గలగలా మాటాడేస్తాడు సూడు" అని భరోసా ఇచ్చింది. చిన్నప్పుడు ఈవిడకి ఆ వసేదో గిన్నెడు పట్టించేసినట్టున్నారు, వాడి వంతు కూడా కలిపి ఈవిడే మాట్లాడేస్తోంది అని మా ఆయనతో అన్నాను. ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

రాయ్‌పూర్ తీసుకెళ్లి ఒక డాక్టరమ్మకి చూపించాం. వినికిడి బాగానే ఉందంది. ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగింది. ఏమని చెప్పను? నాతో హిందీ, ఎదురింట్లో తెలుగు, మేడ మీద ఒడియా, పాల దగ్గర ఛత్తీస్‌గఢీ. ఇన్ని భాషల వల్లే వాడు తికమకపడుతున్నాడా అని అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. భాషలెన్నయినా పిల్లలకి ఫర్వాలేదట. "వాడు అడిగేదాకా ఆగండి. వాడి బదులు మీరు జవాబు చెప్పకండి. వాడి వంతు వాడికివ్వండి" అంది. రైల్లో తిరిగొస్తున్నంతసేపూ నేను పిన్నితో ఏం అనాలో, ఎంత గట్టిగా అనాలో మనసులో కూర్చుకుంటూనే ఉన్నాను.

చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని ఒప్పుకుంది కూడా. నా ఎదురుగానే మొదలుపెట్టింది. బుజ్జిగాడు బిస్కట్ల డబ్బా వైపు వేలు చూపించాడు. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. వాడు 'ఊఁ ఊఁ' అన్నాడు. ఆవిడ కళ్లు పెద్దవయ్యాయి. వాడు కాళ్లు నేలకేసి కొట్టాడు. ఆవిడ మొహం ఎర్రబడింది, మెడ నరాలు తేలాయి. నేను సైగ చేస్తూనే ఉన్నాను, ఆగు పిన్నీ, ఆగు అని. ఆగితేనా! కొంగు లాగి పారేసి, "ఓలమ్మో, బిస్కట్టు గావాలంటన్నాడు, నీ కంటికి కనబడ్నేదేటి? రాయా నువ్వు?" అని నా మీద విరుచుకుపడి డబ్బా మూత తీసేసింది. వాడు రెండు చేతులా బిస్కట్లు పట్టుకుని నా వైపు చూసి నవ్వాడు. వాడికి మాటలెందుకు? మహారాజులా ఉన్నాడు.

ఇంక లాభం లేదని సుపేలాలో ఒక ప్లేస్కూల్ చూసి వచ్చాను. ఆ ఆదివారం సాయంత్రం ఎదురింటికి వెళ్లాను. బాబాయి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. పిన్ని మెట్టు మీద కూర్చుంది. చంకలో పట్టనంత పెరిగిపోయిన బుజ్జిగాడు వాళ్లిద్దరి మధ్యా నిలబడి టీలో రస్కు ముంచుకుంటున్నాడు. రేపటి నుంచి వాణ్ణి ప్లేస్కూల్లో వేస్తున్నానని చెప్పాను.

ఆవిడ నా వైపు చూడనే లేదు. "ఇన్నావేటిరా? మీయమ్మ నిన్ను నా దగ్గర్నుంచి అట్టుకుపోతాదంట. మీ తాతకి సెప్పు, సూస్తూ కూకుంటాడేటో అడుగు."

"మీ అమ్మమ్మకి సెప్పరా, ఆల పిల్లడు, ఆలిష్టం. మజ్జిన మనమెవలం?"

"సెప్పరా మీ తాతకి, ఇన్నాల్లూ పెంచినోలెవలో అడగమని."

"సెప్పరా, పెంచితే పిల్లడు మనోడైపోతాడేటి అని."

"సెప్పరా, ఆ మనిషికి ఏనాడైనా నా బాధ పట్టిందేటి అని!" పిన్ని గొంతు బొంగురుపోయింది.

"సెప్పరా, ఏడిసినంత మాత్రాన..."

బుజ్జిగాడు అటు చూశాడు, ఇటు చూశాడు. వాడి మొహం ముడుచుకుపోయింది. చేతిలో రస్కు నేలకేసి కొట్టాడు. పిన్ని మోకాలి మీద రెండు చేతులూ వేసి ఒక్క తోపు తోసి, "నువ్వే సెప్పు!" అని అరిచాడు. వెనక్కి తిరిగి బాబాయి వైపు కూడా, "నువ్వే సెప్పు!"

వీధిలో ఎవరో సైకిల్ ఆపేశారు. నాకు ఏడుపూ, నవ్వూ కలిసి తన్నుకొచ్చాయి. 'అమ్మ' అంటాడని అన్నేళ్లు కాచుకుని కూర్చుంటే నా కొడుకు మొట్టమొదటి మాట విసుగు! ఆ మాట నాదే. రెండేళ్లుగా రోజూ సాయంత్రం ఆ గుమ్మంలో నేను అరిచిన మాటే. యాస మాత్రం ఆవిడది.

తర్వాత నేనూ, బుజ్జిగాడూ ఆ ఇద్దరి వైపే చూస్తూ ఉండిపోయాం. ఇప్పుడైనా మాట్లాడుకుంటారనుకున్నాను. బాబాయి కుర్చీలో ముందుకి వంగి, పిన్ని మొహంలోకి చూశాడు. ఆవిడ నెత్తి మీదకి కొంగు లాక్కుంది, కొత్త పెళ్లికూతురిలా. పెదవులు కదిలాయి. ఆవిడ లేచి నిలబడి, ఎవరి వైపూ చూడకుండా, "గేస్ మీద పాలెట్టీసి వొచ్చాను" అని లోపలికి వెళ్లిపోయింది.

గ్యాస్ మీద పాలేవీ లేవు. ఆ వంటిల్లు నాకు తెలియనిదా? నాకు ఆ క్షణాన ఆ ఇద్దరినీ చెరో భుజం పట్టుకుని కుదిపేయాలనిపించింది.

ఆ గట్టు తెగాక బుజ్జిగాడు ఆగలేదు. రోజుకి కొన్ని మాటలు, తర్వాత వాక్యాలు. అయితే నన్ను మాత్రం 'అమ్మా' అనలేదు. 'మీయమ్మా' అని పిలిచాడు! వాడు పుట్టిన దగ్గర్నుంచీ నా గురించి విన్నది అదే కదా. 'మీయమ్మా, ఆకలి' అంటూ కొంగు పట్టుకునేవాడు. ప్లేస్కూల్ టీచరు నన్ను వాడి పిన్నో, మేనత్తో అనుకుంది. అది వదిలించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

మరి పిన్ని? పట్టుమని పది రోజులు కాలేదు, మేడ మీద ఒడియా వాళ్ల చంటిపిల్ల ఆవిడ చంకలో ఉంది. నా కొడుకు ఉద్యోగం ఊడిపోయిందన్నమాట. ఇంత బెంగపెట్టుకుని, అంత గొంతు చించుకుని, ఇంత తొందరగానా! ఇదేమిటి పిన్నీ అంటే, ఆ పిల్లతోనే అంది: "మాటలొచ్చినోలు ఎదురడుగుతారే. మనకొద్దు." అని, అదే ఊపున, "మీ అన్న బడిలో అన్నం తింటన్నాడో నేదో అడుగే ఈ అత్తని" అంది. రోజూ అడిగేది. ఒక్కరోజు కూడా మానలేదు.

ఆ పిల్లకీ మాటలొచ్చేశాయి. ఆ తర్వాత మా వీధిలో చంటిపిల్లలు లేకుండా పోయారు. కొత్తగా పెళ్లయిన వాళ్లందరూ ఎక్కడెక్కడికో వెళ్లిపోయారు. పోయిన చలికాలం నుంచీ ఎదురిల్లు చప్పుడు లేకుండా ఉండిపోయింది. కూర ఏమిటో తెలిసేది కాదు. పిన్ని గిన్నెలు గట్టిగా పెట్టేది, బాబాయి టీవీ శబ్దం పెంచేవాడు. ఒకరోజు నేను గేటు దగ్గరే నిలబడి, "పిన్నీ, ఇంక పిల్లలెవరూ రారు, మీరే మాట్లాడుకోవాలి, తప్పదు" అని అరిచాను. ఆవిడ నవ్వింది. మధ్యలో ఏ పిల్లా లేకుండా మొదటిసారిగా నా మొహంలోకి చూసి, నాతోనే అంది. "నువ్వన్నది నిజమేనే పాపా. సిగ్గేస్తంది."

అరవయ్యేళ్లు దాటిన మనిషికి మొగుడితో మాట్లాడ్డానికి సిగ్గు! ఏం చెయ్యను నేను ఈ మనుషులతో?

ఎండలు ముదిరాక ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయింది. చలికాలం నుంచి ఆ రోజు దాకా ఆ ఇంట్లో ఇద్దరూ ఒక్క ముక్కయినా మాట్లాడుకున్నారో లేదో తెలియదు. బాబాయిని అడిగే ధైర్యం నాకు లేదు. వరండాలో పడుకోబెట్టారు. సిలిండర్ కుర్రాడు, ఇంకా ఆవిడ చంకలో పెరిగిన కుర్రాళ్లు డ్యూటీలు మానుకుని వచ్చారు. హిందీలో, ఒడియాలో ఏడుస్తూనే వాళ్లందరూ 'అమ్మమ్మా' అని తెలుగులో పిలిచారు. బాబాయి ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. గోడకానుకుని నిలబడ్డాడు.

కుర్రాళ్లు పాడె ఎత్తబోతుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. అందరూ ఆగారు. ఆయన చుట్టూ చూశాడు, మనుషుల కాళ్ల మధ్యలోకి, గేటు వైపు, మెట్ల వైపు. పెద్దవాళ్లు పిల్లల్ని దూరంగా పంపేశారు. నా వెనక నక్కి నిలబడ్డ బుజ్జిగాడొక్కడే మిగిలాడు. వాడిప్పుడు రెండో తరగతి.

"ఒరే, ఇలారా" అన్నాడు బాబాయి. "మీ అమ్మమ్మకి సెప్పరా..."

అక్కడితో మాట ఆగిపోయింది. నా ఒళ్లంతా మండిపోయింది. ఇప్పుడు కూడానా! ఈ ఒక్కసారైనా నువ్వే చెప్పు బాబాయ్ అని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నేను నోరు తెరిచేలోపే బుజ్జిగాడు వెళ్లి ఆవిడ తల దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"ఏటి సెప్పమంటావు తాతా?"

బాబాయి ఆవిడ మొహంలోకి చూశాడు. "జాగర్తగా ఎల్లమని సెప్పు."

వాడు ఆవిడ చెవి దగ్గరకి వంగి, ఆ ఇంట్లో అందరూ మాట్లాడినట్టే గట్టిగా చెప్పాడు. "అమ్మమ్మా, తాత నిన్ను జాగర్తగా ఎల్లమంటన్నాడు." చెప్పి, కాసేపు అలాగే ఉండి, తలెత్తి బాబాయి వైపు చూశాడు.

"సరేనంటంది తాతా."

బాబాయి తల ఊపాడు. ఎత్తండన్నట్టు కుర్రాళ్లకి సైగ చేసి పక్కకి జరిగాడు.